లైను రాకపోతే నష్టం ఎవరిది? విద్యుత్ ఒప్పందాల్లో ఫోర్స్ మెజ్యూర్ నేపథ్యం

బెంగళూరు విద్యుత్ సరఫరా కంపెనీ (బెస్కాం) వేసిన అప్పీలును 2024 ఆగస్టు 27న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. హిరేహళ్లి సోలార్ పవర్ ప్రాజెక్ట్ అనే సంస్థకు ఒప్పందంలో రాసుకున్నట్టే యూనిట్‌కు 8 రూపాయల 40 పైసలు చెల్లించాలని తేల్చింది. ఆ ప్లాంటు మొదట అనుకున్న గడువులో పూర్తి కాలేదు. ఆ సంగతిలో వివాదం లేదు. వ్యవసాయ భూమిని మార్పిడి చేసే అనుమతీ, ప్లాంటును గ్రిడ్‌కు కలిపే అనుమతీ ప్రభుత్వ కార్యాలయాల్లో ఆలస్యమైనప్పుడు ఆ ఆలస్యాన్ని ఫోర్స్ మెజ్యూర్‌గా, అంటే ఒప్పందంలోని పక్షం చేతిలో లేని అనివార్య పరిస్థితిగా లెక్కించవచ్చా అన్నదే అసలు ప్రశ్న. లెక్కించవచ్చని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ అంతకుముందే చెప్పింది, సుప్రీంకోర్టు దానితో ఏకీభవించింది. పావగడ, హిందూపురం, అనంతపురం వైపు భూములుండి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లలో సౌర విద్యుత్ మీద పెట్టుబడి పెట్టినవారికీ, పెట్టాలనుకుంటున్నవారికీ ఈ తీర్పు వెనక ఉన్న చరిత్ర తెలియడం అవసరం. పిడుగు, భూకంపం, యుద్ధం వంటివాటి కోసం పుట్టిన ఒక నిబంధన సబ్‌స్టేషన్‌లో బే (లైను వచ్చి కలిసే చోటు) సిద్ధం కాలేదన్న ఫిర్యాదును ఎందుకు మోయవలసి వచ్చిందో ఆ చరిత్రే చెబుతుంది.

చట్టపరమైన మూలాలు పాతవే. సంగీత సభ జరగవలసిన హాలు కాలిపోతే ఒప్పందం నుంచి ఇరుపక్షాలకూ విముక్తి కలుగుతుందని 1863లో ఒక ఇంగ్లీషు న్యాయస్థానం చెప్పింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 56వ సెక్షన్ అసాధ్యమైన ఒప్పందం చెల్లదని రాసుకుంది. ఏదైనా ఘటన జరిగితే ఏం చేయాలో పక్షాలు ముందే రాసుకుంటే దానికి 32వ సెక్షన్ వర్తిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కలకత్తాలో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న ఇళ్ల స్థలాల వివాదంపై 1953లో సత్యబ్రత ఘోష్ కేసు తీర్పు వచ్చింది. అసాధ్యమంటే భౌతికంగా వీలుకాకపోవడమే కాదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది, అయినా ఆ ఒప్పందం రద్దయిందని మాత్రం ఒప్పుకోలేదు. విద్యుత్ రంగానికి దగ్గరి తీర్పు 2017 ఏప్రిల్ 11న ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో వెలువడింది. ఇండోనేషియా బొగ్గు ధర పెరగడం ఫోర్స్ మెజ్యూర్ కాదని, ఒప్పందంలో నిబంధన ఉన్నప్పుడు దాని మాటలనే చూడాలి తప్ప 56వ సెక్షన్‌ను ఆశ్రయించకూడదని ఆ తీర్పు స్థిరపరిచింది. అప్పటినుంచి నిబంధనలో ఏ మాట ఉంది, ఏ మాట లేదు అన్నదాని మీదే ఈ తగాదాలన్నీ నడుస్తున్నాయి.

ఒకప్పుడు గ్రిడ్ ఆలస్యం తగాదా కాలేదు, కావడానికి వీలూ లేదు. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డులు ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ మూడింటినీ ఒకే కప్పు కింద నడిపేవి. ప్లాంటు సిద్ధమై లైను సిద్ధం కాకపోతే బోర్డు ఒక జేబు నుంచి ఇంకో జేబుకు నష్టం పోయేది. 1991 తర్వాత ప్రైవేటు ఉత్పత్తిదారులు వచ్చినప్పుడు కూడా ఆనాటి చాలా ఒప్పందాల్లో లైను బాధ్యత బోర్డుదే. ప్లాంటు సిద్ధంగా ఉండి బోర్డు కరెంటు తీసుకోలేకపోతే ఉత్పత్తి జరిగినట్టే లెక్కగట్టి చెల్లించే ఏర్పాటు ఉండేది. ఆ చెల్లింపుల భారం బోర్డులను కుంగదీసిందన్న విమర్శ న్యాయమైనదే. కానీ నష్టం ఎవరిదన్న ప్రశ్నకు కనీసం ఒక స్పష్టమైన జవాబు ఉండేది.

తర్వాత ఉమ్మడి కుటుంబం విడిపోయింది. కర్ణాటకలో 1999 నాటి సంస్కరణల చట్టంతో బోర్డు స్థానంలో ప్రసార సంస్థ కేపీటీసీఎల్ వచ్చింది, 2002 జూన్‌లో బెస్కాం తదితర పంపిణీ కంపెనీలు వేరుపడ్డాయి, దేశమంతటికీ వర్తించే విద్యుత్ చట్టం 2003లో ఈ విభజనను సూత్రంగా మార్చింది. వేరుపడినప్పుడు ఆస్తులు, అప్పులు, సిబ్బంది పంపకం పకడ్బందీగా జరిగింది. లైను ఆలస్యమైతే పడే నష్టం మాత్రం ఎవరి వాటాలోకి వస్తుందో ఎక్కడా రాయలేదు. ఉత్పత్తిదారు కరెంటు అమ్మేది పంపిణీ కంపెనీకి, కనెక్షన్ అడిగేది కావేరీ భవన్‌లోని కేపీటీసీఎల్‌ను. మొదటి ఒప్పందంలో కేపీటీసీఎల్ పక్షమే కాదు. రెండో సంస్థ ఆలస్యం చేస్తే మొదటి సంస్థకు జరిమానా కట్టాల్సిన స్థితి ఉత్పత్తిదారుకు అలా వచ్చింది.

సౌర విద్యుత్ రాకతో ఈ ఖాళీ బయటపడింది. బొగ్గు ప్లాంటు కట్టడానికి నాలుగైదేళ్లు పట్టేది కాబట్టి లైనుకు కావలసినంత వ్యవధి దొరికేది. సౌర ప్లాంటు ఏడాదిలో, ఏడాదిన్నరలో లేచి నిలబడుతుంది. అదే సమయంలో ఒక పెద్ద లైనుకు సర్వే, టెండరు, అటవీ అనుమతి, పొలాల మీదుగా దారి, టవర్లు కలిసి అంతకు రెండింతల కాలం పట్టవచ్చు. టవర్ పడే స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగ కింద పడే భూమికి గరిష్ఠంగా 15 శాతం పరిహారం ఇవ్వాలని కేంద్రం 2015 అక్టోబరులో సూచించింది. 2024 జూన్ నాటికి ఆ అంకెలను 200 శాతానికీ 30 శాతానికీ పెంచాల్సి వచ్చిందంటే పొలాల దగ్గర పనులు ఎంతగా ఆగిపోయి ఉంటాయో ఊహించవచ్చు. తీగ కింద కొబ్బరి చెట్టు పెంచుకోలేని రైతు అడ్డం నిలబడితే దాన్ని దైవఘటన అనడం నాకు ఎన్నడూ సబబుగా తోచలేదు.

కర్ణాటక రైతు పథకం ఈ చిక్కుకు మంచి ఉదాహరణ. భూమి ఉన్న రైతులు 1 నుంచి 3 మెగావాట్ల వరకు సౌర ప్లాంట్లు పెట్టుకోవచ్చని, మొత్తం 300 మెగావాట్ల దాకా పంపిణీ కంపెనీలు కొంటాయని రాష్ట్ర ప్రభుత్వం 2014లో ప్రకటించింది. కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ 2013 అక్టోబరులో నిర్ణయించిన 8 రూపాయల 40 పైసల ధర 25 ఏళ్ల పాటు దక్కుతుందన్నది దీని ఆకర్షణ. ఒప్పందాలు చాలావరకు 2015లో కుదిరాయి. ప్లాంటు పూర్తి చేయడానికి 18 నెలల గడువు ఇచ్చారు. గడువు దాటితే నిర్ణీత జరిమానా చెల్లించాలన్న షరతుతో పాటు, ప్లాంటు మొదలైన నాటికి కమిషన్ ధర తగ్గించి ఉంటే ఆ తగ్గిన ధరే వర్తిస్తుందన్న మరో షరతు కూడా ఒప్పందంలో ఉంది. సంతకం చేసేటప్పుడు ఈ రెండో షరతును ఎంతమంది జాగ్రత్తగా చదివారోనన్న అనుమానం నాకు ఎప్పుడూ ఉంటుంది.

ఎందుకంటే ఆ మధ్యకాలంలో సౌర ఫలకాల ధరలు జారిపోతూ వచ్చాయి. కమిషన్ 2015 జులైలో కొత్త ప్లాంట్ల ధరను 6 రూపాయల 51 పైసలకు, 2017 ఏప్రిల్‌లో 4 రూపాయల 36 పైసలకు దించింది. 3 మెగావాట్ల ప్లాంటు 19 శాతం వినియోగ సామర్థ్యంతో, అంటే ఏడాదంతా నిండుగా నడిస్తే వచ్చేదాంట్లో 19 శాతం ఉత్పత్తితో నడిస్తే ఏడాదికి దాదాపు 50 లక్షల యూనిట్లు వస్తాయి. 8.40కీ 4.36కీ మధ్య తేడా 4 రూపాయల 4 పైసలు, అంటే ఏడాదికి రమారమి 2 కోట్ల రూపాయలు, 25 ఏళ్లకు 50 కోట్లు. జరిమానా దీని ముందు చిల్లర. గడువు కొన్ని వారాలు దాటితే అప్పు తీర్చే మార్గమే మూసుకుపోతుంది కాబట్టి, ఆ కొన్ని వారాలకు ఎవరు బాధ్యులన్న ప్రశ్న మీద ఇంత పట్టుదలగా పోరాటం సాగింది.

భూమి మార్పిడికి తహసీల్దారు నుంచి డిప్యూటీ కమిషనర్ దాకా దస్త్రం నడవాలి. ఆ తర్వాత కనెక్షన్ సాధ్యతా నివేదిక, అంచనా, బే కేటాయింపు, లైను డ్రాయింగుల ఆమోదం, చివరికి విద్యుత్ తనిఖీ అధికారి అనుమతి రావాలి. ఒక్కో మెట్టు దగ్గర నెలలు గడిచాయని ఉత్పత్తిదారులు గోడు పెట్టుకుంటే, గడువు పొడిగింపు అర్జీలను పరిశీలించడానికి 2016 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం పంపిణీ కంపెనీల్లో కమిటీలు వేయించింది. ఆ కంపెనీలు చాలా ప్లాంట్లకు ఆరు నెలల పొడిగింపు ఇచ్చాయి. అయితే తన అనుమతి లేకుండా పొడిగింపులు ఇవ్వరాదని కమిషన్ 2017 మార్చిలో కంపెనీలకు రాసింది. తర్వాత వచ్చిన కేసుల్లో, అనుమతులకు పట్టే కాలం ముందే ఊహించదగినదని, దరఖాస్తు ఆలస్యంగా పెట్టుకుని నెపం కార్యాలయాల మీదికి నెట్టడం కుదరదని కమిషన్ పలుమార్లు అభిప్రాయపడి ధర తగ్గించింది. వినియోగదారుడి బిల్లు వైపు నుంచి చూస్తే ఆ వాదనలో బలం లేకపోలేదు. 4.36కే కరెంటు దొరుకుతున్న రోజుల్లో 8.40 చొప్పున కొనే భారం చివరికి పడేది నగరంలో మీటరు ఉన్న ప్రతి ఇంటి మీదే.

ట్రిబ్యునల్, ఆపై సుప్రీంకోర్టు ఈ వాదనను ఒప్పుకోకపోవడానికి ఒప్పందంలోని మాటలే ఆధారం. చట్టపరమైన అన్ని షరతులనూ పాటించినా కావలసిన లైసెన్సులు, అనుమతులు పొందలేకపోవడాన్ని కర్ణాటక ఒప్పందం ఫోర్స్ మెజ్యూర్ ఘటనల జాబితాలోనే చేర్చింది. ఆ మాటలు లేని ఒప్పందానికి ఇదే ఫలితం వస్తుందని ఎవరూ ధీమాగా ఉండకూడదు. చాలా నమూనా ఒప్పందాల్లో యంత్రసామగ్రి ఆలస్యంగా రావడం, కాంట్రాక్టరు జాప్యం, డబ్బు చాలకపోవడం ఫోర్స్ మెజ్యూర్ కాదని విడిగా రాసి ఉంటుంది. ఘటన మొదలైన సంగతి తెలిసిన ఏడు రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలన్న షరతు కూడా ఉంటుంది. అసలు కారణం న్యాయమైనదే అయినా నోటీసు ఇవ్వకపోవడం వల్ల ఓడిపోయే ప్రమాదం ఉంది. ఆఫీసులో రోజూ కలిసే ఇంజనీరుకు ఫోర్స్ మెజ్యూర్ నోటీసు పంపితే సంబంధం చెడుతుందని మొహమాటపడే చిన్న పెట్టుబడిదారుకు ఇది ఖరీదైన మొహమాటం.

రాష్ట్రాల మధ్య లైన్లకు కలిసే పెద్ద ప్రాజెక్టుల్లో కథ వేరే దారి పట్టింది. రాయచూరు, షోలాపూర్ లైనుతో 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. ఆ తర్వాత పావగడలో సుమారు 13 వేల ఎకరాలు రైతుల నుంచి కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల సౌర పార్కు, కర్నూలులో 1,000 మెగావాట్ల సౌర పార్కు వచ్చాయి. పార్కు పద్ధతిలో భూమి, లోపలి సబ్‌స్టేషన్లు, బయటి లైను పార్కు సంస్థ, ప్రసార సంస్థ చూసుకుంటాయి కాబట్టి ఉత్పత్తిదారు నెత్తిన భారం తగ్గింది. పోటీ వేలంతో సౌర విద్యుత్ కొనడానికి కేంద్రం 2017 ఆగస్టు 3న ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో అడుగు వేశాయి. ప్లాంటు సిద్ధమై, ఉత్పత్తిదారు తప్పు లేకుండా లైను సిద్ధం కాకపోతే, నష్టపోయిన ఉత్పత్తిని లెక్కగట్టి, అంతే పరిమాణంలో తర్వాతి మూడేళ్లలో వచ్చే అదనపు ఉత్పత్తిని ఒప్పంద ధరకే కొనాలన్నాయి. నష్టం అప్పటికప్పుడు తీరదు, కానీ అది దైవానికి వదిలేసిన విషయం కాకుండా లెక్కలోకి వచ్చింది. కేంద్ర సంస్థల ఒప్పందాల్లో లైను సిద్ధమయ్యేదాకా గడువు దానంతటదే పెరిగేలా రాయడమూ మామూలైంది.

ఈ నాణేనికి ఇంకో వైపూ ఉంది. లైను ముందు పూర్తయి ప్లాంటు రాకపోతే ఆ ఖర్చు ఎవరిది? బిహార్‌లోని ఎన్టీపీసీ బాఢ్ ప్లాంటు వైపు పనులు పూర్తి కాకపోవడంతో ఆగిన బాఢ్-బలియా లైను విషయంలో సుప్రీంకోర్టు 2016లో తీర్పు ఇచ్చింది. నిజంగా వాడకంలోకి రాని లైనుకు వినియోగదారు రాష్ట్రాల నుంచి ఛార్జీలు వసూలు చేయకూడదని చెప్పింది. 2020 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిబంధనలు, ఆలస్యం చేసిన పక్షమే చెల్లించాలన్న సూత్రానికి అంకెలు కట్టాయి. ఇక్కడ దైవం ప్రస్తావన తక్కువ, లెక్క ఎక్కువ. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది.

కోవిడ్ కాలంలో కేంద్రం ఆ పాత నిబంధనను దాని సహజమైన అర్థంలోనే వాడింది. 2020 మార్చి 25 నుంచి ఐదు నెలలు, రెండో దఫాలో 2021 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర నెలలు పునరుత్పాదక ప్రాజెక్టుల గడువులు పొడిగించింది. బట్టమేక పిట్టల రక్షణకు రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలు భూగర్భంలో వేయాలన్న 2021 ఏప్రిల్ 19 నాటి సుప్రీంకోర్టు ఆదేశమూ, 2024 మార్చి 21న దాని సడలింపూ అక్కడి ప్రాజెక్టులకు అలాంటి చిక్కులే తెచ్చాయి.

రాష్ట్రాల మధ్య ప్రసార ఛార్జీల మినహాయింపు విషయంలో కేంద్ర విద్యుత్ శాఖ 2021 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వును ఒప్పందం రాసేవారు ఒకసారి తెరిచి చూడాలి. 2025 జూన్ 30 లోపు మొదలయ్యే సౌర, పవన ప్రాజెక్టులకు పూర్తి మినహాయింపు ఉండి, ఆ తర్వాత అది ఏటా 25 శాతం చొప్పున తగ్గే ఏర్పాటు అది. గడువు పొడిగింపు పొందిన ప్రాజెక్టులకు కూడా మినహాయింపు దక్కే కారణాలను చెబుతూ ఆ ఉత్తర్వు ఫోర్స్ మెజ్యూర్‌ను ఒకటిగా, ప్రసార సంస్థ ఆలస్యాన్ని మరొకటిగా, ప్రభుత్వ సంస్థల జాప్యాన్ని ఇంకొకటిగా విడివిడిగా పేర్కొంది. 2015 నాటి కర్ణాటక రైతు ఒప్పందంలో ఈ మూడూ విడివిడిగా ఉండి ఉంటే హిరేహళ్లి కేసు బెంగళూరు వసంతనగర్‌లోని కమిషన్ గుమ్మం దాటి ఢిల్లీ దాకా వెళ్లవలసిన పని ఉండేది కాదు.