మామిడి టెంకా, మంచం పట్టిన మనిషీ

పక్షవాతంతో ఆస్పత్రిలో ఉన్న తండ్రి గురించి ఒక పాఠకురాలు అడిగారు: "నాన్నకు కాస్త కన్ను అంటుకోగానే సిస్టర్ వచ్చి పక్కకు తిప్పుతున్నారు. రాత్రంతా ఇదే. నిద్ర చెడగొట్టడం అంత అవసరమా?"

అవసరమేనమ్మా, పడక పుండ్లు పడకుండా ఉండాలంటే. నర్సులు చేసే పనుల్లో మందులు, ఇంజెక్షన్లు, బీపీ చార్టు అందరూ చూసేవే. నన్ను అబ్బురపరిచేది మాత్రం ఈ తిప్పడమే.

టెంక దగ్గర కుళ్లిన మామిడిపండును చూసే ఉంటారు. తొక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ, కోస్తే లోపల సగం గుజ్జు నల్లగా! కదలకుండా ఒకేవైపు పడుకుని ఉంటే వచ్చే పడక పుండు చాలాసార్లు అచ్చం ఇలాగే మొదలవుతుంది. నడుము కింది త్రికాస్థి, తుంటి, మడమ, ఇక్కడి ఎముకలే టెంకలు. కండ గుజ్జు, చర్మం తొక్క. పడుకున్నప్పుడు ఒంటి బరువు ఎముక మొనల దగ్గర పోగవుతుంది. అందుకే ఒత్తిడి చర్మం మీదకన్నా ఎముకను ఆనుకున్న కండలోనే ఎక్కువ. ఆక్సిజన్ అవసరం కూడా కండకే ఎక్కువ కాబట్టి ముందు చచ్చేది అదే. మచ్చ పైకి తేలేసరికి లోపల గుజ్జు పాడైపోయి ఉంటుంది.

1930లో యూజీన్ లాండిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గోటి మొదట్లోని కేశనాళికల్లో, అంటే అతి సన్నని రక్తనాళాల్లో, రక్తపీడనం కొలిచాడు. ధమని వైపు 32 మిల్లీమీటర్ల పాదరసం, సిర వైపు 12. అంతే! బయటి బరువు దీన్ని మించి గంటల తరబడి నొక్కితే రక్తం ఆగుతుంది. మనం నిద్రలో తెలియకుండానే ఒత్తిగిలుతాం. పక్షవాత రోగికి ఆ శక్తి ఉండదు, కొందరికి నొప్పీ తెలియదు. ఆ ఒత్తిగిలడం సిస్టర్ చేయిస్తారు. సాధారణంగా రెండు గంటలకోసారి, పరుపునీ రోగినీ బట్టి కొంచెం అటూ ఇటూ. పూర్తిగా పక్కకు కాదు, 30 డిగ్రీల వాలుగా, లేకపోతే బరువు తుంటి ఎముక మీద పడుతుంది. ఎవరికి ముప్పు ఎక్కువో మార్కులు వేసి చెప్పే పద్ధతిని 1962లో అందించిన డోరీన్ నార్టన్ కూడా నర్సే.

ఇంట్లో కొందరు నడుము కింద చుట్టకుదురులా గాలి రింగు పెడతారు. వద్దు. రింగు అంచు చుట్టూ నొక్కి మధ్యకు రక్తం అందనివ్వదు. ఎర్రబడిన చోట స్పిరిట్ రాసి రుద్దడమూ తప్పే, నలిగిన గుజ్జును ఇంకా నలిపినట్టు. వేలితో నొక్కి చూడండి. ఎరుపు పోయి తెల్లబడి మళ్లీ వస్తే రక్తం ఆడుతున్నట్టు. తెల్లబడకపోతే వెంటనే సిస్టర్‌కు చెప్పండి. మన చామనచాయ, నల్లని ఒళ్ల మీద ఎరుపు అంతగా తెలియదు. అక్కడ వేడి, గట్టిదనం తడిమి చూడాలి.

ఈ రాత్రి సిస్టర్ వస్తే దుప్పటి రెండో అంచు మీరు పట్టుకోండి. లాగకండి, ఎత్తండి. లాగితే చర్మం పరుపుకు అంటుకుని ఉండిపోతుంది, లోపల ఎముక జరుగుతుంది, మధ్యలో రక్తనాళాలు మెలిపడతాయి.