ఏసీ నీళ్లు కారితే గ్యాస్ అయిపోయినట్టేనా? డ్రెయిన్ పైపు అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఏసీలు బాగుచేస్తుంటాను. తొలకరి పడ్డప్పటి నుంచి వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "అన్నా, ఏసీ కింద గోడంతా నీళ్లు కారుతున్నయి, గ్యాస్ అయిపోయిందా?"

అపోహ: నీళ్లు కారితే గ్యాస్ నింపించాలి.

గ్యాస్ తగ్గితే కాయిల్ (ఏసీ లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద మంచు కట్టి, అది కరిగి కారడం నిజమే. కానీ గది మామూలుగానే చల్లబడుతూ, ఎక్కడా మంచు లేకుండా నీళ్లు కారుతుంటే ముందు డ్రెయిన్ పైపు, అంటే ఏసీలో చేరే నీళ్లను బయటికి పంపే పైపు చూడాలి. అది చూడకుండానే గ్యాస్‌కు డబ్బులు అడిగితే ఇవ్వకండి.

అపోహ: ఎండాకాలమంతా బాగుంది, వానలకే పాడైంది.

లీకు అప్పుడూ ఉండి ఉంటుంది. మే నెల ఎండల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, ఏసీలోంచి నీళ్లు తక్కువ వస్తాయి. వానలు మొదలయ్యాక గాలిలో తేమ పెరిగి నీళ్లు ఎక్కువవుతాయి, అప్పుడు బయటపడుతుంది.

అపోహ: జాయింట్ మీద టేపు గట్టిగా చుడితే చాలు.

మొన్న కాజీపేటలో ఒక ఇంట్లో టేపు మీద టేపు చుట్టారు, అయినా చుక్క చుక్కగా కారుతూనే ఉంది. మొత్తం విప్పి చూస్తే, ఏసీ నుంచి వచ్చే ముడతల పైపును పీవీసీ పైపు మీద తొడుగులా ఎక్కించారు. పైనుంచి జారే నీళ్లు ఆ పీవీసీ అంచుకు తగిలి సందులోంచి బయటికి వస్తున్నాయి. పై పైపు కింది పైపు లోపలికి దూరాలి, అదీ రెండు మూడు అంగుళాలు. ముడతల్లో జిగట నాచు కూడా పేరుకుంది, కడిగి, సరిగ్గా దూర్చి, అప్పుడు టేపు వేశాను. గది లోపల ఆ జాయింట్ మీద ఫోమ్ తొడగాలి, లేకపోతే పైపు చెమట పట్టి అదీ లీకులాగే కనిపిస్తుంది.

అపోహ: పైపు ఎటు తిప్పినా నీళ్లు పోతాయి.

పంపు లేని ఏసీలో నీళ్లు వాలు ఉంటేనే పోతాయి. గదిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ పైపుకైనా ఇదే లెక్క. మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. మొక్కలకు పోద్దామని బకెట్ పెడతారు, మంచిదే, కానీ పైపు చివర నీళ్లలో మునగనీయకండి. గాలి ఆడక నీళ్లు వెనక్కి తన్నుతాయి. ఆ నీళ్లను ఇన్వర్టర్ బ్యాటరీలో మాత్రం పోయొద్దు, కాయిల్ మీది దుమ్ము, మురికి అందులో ఉంటాయి.

రిపేరు అయ్యాక మెకానిక్‌ను వెంటనే పంపించకండి. మెయిన్ స్విచ్ ఆపించి, కరెంటు బోర్డు వైపు పడకుండా కాయిల్ కింద నీళ్లు చేరే ట్రేలో అర లీటరు నీళ్లు మెల్లగా పోయించండి. జాయింట్ చుట్టూ టిష్యూ పేపర్ చుట్టి పది నిమిషాలు చూడండి. పేపర్ పొడిగా ఉండాలి, నీళ్లు బయట బకెట్‌లో పడాలి.