సానరాయి నీడపట్టున ఆరాలి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ బజార్లలో ఏ ఇనప సామాన్ల కొట్లో అడిగినా రెండు రంగుల సానరాయి ఒకటి చేతిలో పెడతారు. ఎనిమిది అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం. ఒక మొహం గరుకు, రెండోది నున్న. ఇంటికొచ్చాక దాని బతుకు ఎక్కడైనా ఒకటే. కత్తిపీటకో (పక్కింటి ఒడియావాళ్ళు దీన్నే పనికి అంటారు), చేపల కత్తికో పదును పెడతారు, కుళాయి కింద ఓసారి కడుగుతారు, ఆ తడితోనే సింకు పక్కన పడుకోబెట్టేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి అడుగున ఎర్రటి మరకలు, పైన తెల్లటి పొర, మూలన సన్నటి బీట. నాసిరకం రాయి అంటగట్టాడని కొట్టువాణ్ణి తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు రాయిది కాదు, ఆరబెట్టిన తీరుది.

సానరాయిలో ఉండేవి మూడు: ఇనుమును కోసే రేణువులు, వాటిని పట్టి ఉంచే బంధకం, మధ్యలో మిగిలిన ఖాళీ. రేణువు సంగతి అందరికీ కొంత తెలుసు. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ విద్యుత్ కొలిమిలో సిలికాన్ కార్బైడ్ అనే గట్టి రేణువును తయారు చేసి దానికి కార్బొరండం అని పేరు పెట్టాడు. అదే పేరున్న కంపెనీ 1954లో మద్రాసులో మొదలైంది. ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే, ముసలి వడ్రంగులకు నల్లగా గరుగ్గా ఉన్న సానరాయి ఏదైనా ‘కార్బొరండం రాయే’. నీళ్ళ విషయానికొస్తే మాత్రం రేణువుకంటే ఖాళీ ముఖ్యం. పైన చెప్పిన కొలతల రాయి ఘనపరిమాణం దాదాపు 260 ఘన సెంటీమీటర్లు. అందులో మూడో వంతు రంధ్రాలనుకుంటే 85 గ్రాములకు పైనే నీళ్ళు పడతాయి. అంటే చిన్న టీ గ్లాసుడు. పైన గుడ్డతో తుడిచి ‘ఆరింది’ అనుకున్న రాయి కడుపులో ఆ గ్లాసుడు నీళ్ళూ అలాగే ఉంటాయి.

ఆ నీళ్ళు బయటికొచ్చే పద్ధతి రెండు అంచెల్లో ఉంటుంది. మొదట్లో సన్నటి రంధ్రాలు, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు, లోపలి నీటిని పైకి లాగుతుంటాయి. గాలి ఎంత తీసుకుంటే అంత లోపలినుంచి వచ్చి చేరుతుంది, పైమొహం నిండు రంగులోనే ఉంటుంది. కొంతసేపటికి ఆ ధార తెగుతుంది. పైపొర వెలిసినట్టు లేతరంగుకు తిరుగుతుంది. తడి లోపలికి వెనక్కి జరుగుతుంది. ఇక అక్కడినుంచి నీరు నీరుగా రాదు, ఆవిరై వంకరటింకర దారుల్లో రావాలి. ఈ రెండో అంచె చాలా నెమ్మది. రంగు చూసి మోసపోయేది ఇక్కడే.

కంటిని నమ్మకుండా తూకాన్ని నమ్మడం మంచిది. వంటింట్లో గ్రాముల త్రాసు ఉంటే కొత్త రాయిని తడపకముందే తూచి, ఆ అంకెను పెన్సిలుతో రాయి పక్కన రాసుకోండి. వాడిన మర్నాడు తూచండి, ఆ మర్నాడూ తూచండి. రెండు రోజుల తూకాల మధ్య తేడా ఒక గ్రాము లోపు వస్తే ఆరినట్టే. ముసురు రోజుల్లో మొదటి అంకెకు ఒకటి రెండు గ్రాములు పైనే ఆగిపోతుంది, దానికి బెంగ అక్కర్లేదు.

నీరు ఏ మొహంనుంచి ఆవిరైతే దానిలో కరిగిన ఉప్పులన్నీ ఆ మొహం దగ్గరే మిగులుతాయి. బోరు నీళ్ళతో కడిగే ఇళ్ళలో కనిపించే తెల్లపొర ఇదే. మట్టికుండ బయట, ఇటుక గోడ అడుగున తేలే తెలుపు కూడా ఇలాంటిదే. రాయిని బల్ల మీద పడుకోబెడితే కింది మొహానికి గాలి ఆడదు, నీరంతా పైకే వస్తుంది. ఆ పై మొహమే మీరు రేపు కత్తి నూరేది. ఆ ఉప్పుల తెల్లపొర సుద్దలా రాయి రేణువుల సందుల్లో గట్టిపడుతుంది, కత్తి కోసుకోకుండా జారుతుంది. అందుకే రాయిని పక్కకు తిప్పి, అంగుళం మందపు అంచు మీద నిలబెట్టాలి. అడుగున రెండు వెదురు బద్దలు, వాటి మధ్య నాలుగు వేళ్ళ ఎడం. అప్పుడు నూరే మొహాలు రెండూ ఒకేలా ఆరతాయి, సుద్ద ఒక్క వైపే పేరుకోదు. ఆఖరిసారి కడిగేటప్పుడు ఒక చెంబు పట్టిపెట్టిన వాననీరు పోస్తే ఇంకా మేలు.

సముద్రపు ఒడ్డున ఈ ఉప్పు కథ మరీ ముదురుతుంది. బరంపురం దగ్గరి గోపాలపురం తీరంలో తెలుగు మాట్లాడే నోలియా జాలరుల ఇళ్ళలో చేపల కత్తికి రోజూ పదును కావాలి. కత్తినీ రాయినీ ఉప్పునీళ్ళు ఎలాగో తగులుతూనే ఉంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే వంటుప్పు తనంతట తనే గాలినుంచి నీరు పీల్చి కరగడం మొదలుపెడుతుంది. జాడీలో ఉప్పు వానాకాలం నీరు కారేది అందుకే. ఉప్పు ఎక్కిన రాయీ అంతే, తీరంలో వానాకాలమంతా ఎన్నాళ్ళు పెట్టినా చెమ్మ వదలదు, దాన్ని తాకిన కత్తి అంచు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. దీనికి ఆరబెట్టడం మందు కాదు, కడగడం. బకెట్టు మంచినీళ్ళలో పావుగంట నానబెట్టి, నీళ్ళు మార్చి, అలా మూడుసార్లు చేస్తే ఉప్పు చాలావరకు దిగిపోతుంది. కొలిమిలో కాల్చిన రాళ్ళకు మాత్రమే ఈ వైద్యం చేయాలి.

కాల్చిన రాళ్ళకే ఎందుకంటే, బంధకాలు అన్నీ ఒక రకం కావు. కొట్లో దొరికే గరుకు రాళ్ళలో ఎక్కువ భాగం కుండను కాల్చినట్టు పెద్ద వేడిలో కాల్చినవి. వాటి బంధకం గాజులాంటిది, నీళ్ళు దాన్నేమీ చేయలేవు. బుడగలు ఆగేదాకా పది పదిహేను నిమిషాలు నానబెట్టి వాడొచ్చు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ఖరీదైన నున్నటి రాళ్ళు కొన్ని అసలు కాల్చరు. 1867లో ఫ్రాన్సులో సోరెల్ కనిపెట్టిన మెగ్నీషియా సిమెంటు తరహా బంధకంతో అచ్చు పోసి గట్టిపరుస్తారు. ఆ సిమెంటుకు నీళ్ళే శత్రువు. గంటల తరబడి నానితే బంధకం కొద్దికొద్దిగా కరుగుతుంది, మొహం మెత్తబడి వేలిగోటికి గీత పడుతుంది. అలా నానినదాన్ని గబగబా ఆరబెడితే పైపొర ముందు ముడుచుకుంటుంది, లోపలిది ఇంకా ఉబ్బే ఉంటుంది. ఎండిన చెరువు మట్టిలాగా సాలెగూటి పగుళ్ళు వచ్చేది అప్పుడే. ఇలాంటి రాయి మీద నీళ్ళు చిలకరించి వాడి, తుడిచి నీడన పెట్టాలి. వెనిగరు, నిమ్మరసం దగ్గరికి రానివ్వకూడదు. ఏ రకమో తెలియకపోతే నానబెట్టకపోవడమే క్షేమం.

కాల్చిన రాయి ఎండలో అంతగా ముడుచుకోదు. అలాగని పొయ్యి గట్టున పెడితే ఊరుకోదు. ఒక పక్క కాగి, ఒక పక్క చల్లగా ఉంటే ఆ లాగుడుకే బీట వారుతుంది. వంద డిగ్రీలు దాటితే లోపలి నీరు ఆవిరై దాదాపు పదిహేడు వందల రెట్లు వ్యాపిస్తుంది. ఆ ఆవిరికి సన్నటి రంధ్రాల దారి చాలదు. మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా అని అడిగేవాళ్ళకూ ఇదే జవాబు.

మరి ఎంతసేపు? ఇది రాయి కంటే గాలిని బట్టి ఉంటుంది. ఒకే వేడిలో 40 శాతం తేమ ఉన్న గాలికి ఇంకా 60 వంతుల ఆకలి ఉంటుంది, 90 శాతం ఉన్న గాలికి పది వంతులే. అంటే గాలి కదలిక ఒకేలా ఉన్నా శ్రావణమాసపు ముసురులో మొదటి అంచె ఆరు రెట్లు నెమ్మదిస్తుంది. రాయగడలో వేసవి మధ్యాహ్నం ఒక్క రోజులో ఆరే రాయి, బరంపురంలో వానల్లో వారం తీసుకున్నా ఆశ్చర్యం లేదు. వేసవిలో వసారా నీడ చాలు, వడగాలి సూటిగా తగలకుండా పల్చటి నూలుగుడ్డ కప్పితే ఇంకా మంచిది. వానాకాలంలో మాత్రం గాలి కదలాలి. రాయి చుట్టూ ఊరిన చెమ్మను తీసేస్తే చాలు, ఫ్యాను అంతకంటే గొప్ప పని ఏదీ చేయదు. మూడు నాలుగు అడుగుల దూరంలో చిన్న వేగం మీద పెట్టండి.

ఎర్రమరకలు నిజానికి రాయివి కావు, కత్తివి. నూరేటప్పుడు రాలిన ఇనప నుసి మడ్డిలో కలిసి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. నుసి ఎంత సన్నమైతే గాలీ నీరూ అంత తగిలి అంత తొందరగా తుప్పు పడుతుంది. పని అయిన వెంటనే, మడ్డి ఆరకముందే, మెత్తటి బ్రష్షుతో రాయి నాలుగు పక్కలా రుద్ది కడిగేస్తే సగం గొడవ తీరిపోతుంది. ఆరాక కడగడం దండగ, గట్టిపడిన మడ్డి కదలదు. బూజు పట్టిన రాయిది వేరే సంగతి. కూరముక్కల రసం, చేప జిగురు అంటిన కత్తిని కడక్కుండా నూరితే ఆ జిగురే బూజుకు తిండి. అంట్ల సబ్బునీళ్ళు చాలు, బ్లీచింగు వద్దు.

నూనె రాళ్ళకు ఈ లెక్కలేవీ పనికిరావు. ఒకసారి నూనె తాగిన రాయిలోకి నీరు సరిగా దిగదు, వాటిని ఆరబెట్టేదీ లేదు. మడ్డిని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, దుమ్ము పడకుండా మూత పెడితే సరి. ఏ నూనె అన్నదే ప్రశ్న. కుట్టుమిషను నూనె శ్రేష్ఠం. ఆవనూనె గాలికి జిడ్డుకట్టి రంధ్రాలు మూసేస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, కోరాపుట్ చలికాలంలో రాయి లోపలే మైనంలా బిగుసుకుపోతుంది.

మన కొండల రాయిని గురించీ ఒక మాట. ఇక్కడి తూర్పు కనుమల్లో కనిపించే ఖోండలైటు అనే రాయికి ఆ పేరు ఈ కొండల గిరిజనులైన కోందుల వల్లే వచ్చింది. అందులో గార్నెట్ అనే ఖనిజపు గింజలుంటాయి, అవి ఉక్కును కోయగలంత గట్టివి. కొండల్లో అరిగి తీరానికి కొట్టుకొచ్చిన ఆ గార్నెట్‌నే ఛత్రపురం దగ్గర ఇసుకలోంచి వేరుచేస్తారు. ఈ రాయి మీద కొడవలి నూరుకోవచ్చు గానీ నీళ్ళలో వదిలేయకూడదు. పొరలు పొరలుగా ఉంటుంది, గింజల మధ్య ఉన్న ఖనిజం నానిన కొద్దీ తెల్లమట్టిగా మారి పొర విడిపోతుంది. కోణార్క గుడి రాళ్ళు అరిగిపోవడంలో ఈ గుణానిదీ వాటా ఉంది.

పూర్తిగా ఆరిన రాయినైనా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో బిగించొద్దు. మిగిలిన కొద్ది చెమ్మ అక్కడే తిరుగుతుంది. చెక్కపెట్టె మంచిదే, అడుగున రెండు రంధ్రాలుండాలి. తడిరాయిని చెక్కలో పెడితే చెక్కలోని వగరు, రాయిలోని ఇనప నుసి కలిసి సిరాలాంటి నల్లమరక చేస్తాయి. రాయిని చెక్కకు అతికించే అలవాటు ఉన్నవాళ్ళు నాలుగు మూలలా మాత్రమే జిగురు పెట్టాలి, లేకపోతే అడుగు ఎన్నటికీ ఆరదు. అన్నట్టు, దేవుడి గూట్లోని గంధపు సానను మాత్రం ఈ పనికి వాడకండి. ఇనప నుసి ఒకసారి ఎక్కితే గంధానికి నల్లరంగు వస్తుంది.

బీట వారిందేమోనని అనుమానం వస్తే, రాయిని ఒక మూల రెండు వేళ్ళతో వదులుగా వేలాడదీసి చెంచా కాడతో తట్టండి. బాగున్న రాయి ఖంగుమంటుంది, బీట ఉన్నది టపటపమంటుంది. కాకపోతే తడిరాయి కూడా టపటపమనే అంటుంది, అందుకని ముందు త్రాసు, తర్వాత చెంచా.