ఊరికే వచ్చాను

పిల్లలూ,

అమెరికా ఎలా ఉంది తాతయ్యా అని మీరు ఫోన్‌లో అడిగితే బాగుందర్రా అని ఊరుకున్నాను. ఫోన్‌లో చెప్పే సంగతి కాదది, అందుకే రాస్తున్నాను.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మీ పెదనాన్న ఇంట్లో ఐదు నెలలున్నాను కదా. సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని వీధి చూసేవాణ్ణి. కారు వస్తుంది, గ్యారేజీ తలుపు పైకి లేస్తుంది, కారు లోపలికెళ్ళగానే తలుపు దిగిపోతుంది. అట్నుంచటే ఇంట్లోకి దారి. మనిషి మొహం కనపడదు.

ఎదురింటి పెద్దాయన ఒక్కడే కుక్కను తిప్పుతూ చెయ్యి ఊపేవాడు. ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళి బెల్ కొట్టాను. ఏమైంది, ఇంట్లో అందరూ బాగేనా అన్నాడు కంగారుగా. ఊరికే వచ్చాను అనడానికి నాకు ఇంగ్లీషు మాట దొరకలేదు, నథింగ్, జస్ట్ కేమ్ అన్నాను. కాసేపు గుమ్మంలోనే నిలబడి, తర్వాత లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. భార్య పోయి మూడేళ్ళయిందట, కూతురు సియాటిల్‌లో ఉందట, ఆ అమ్మాయి చిన్నప్పటి ఫోటోలన్నీ తీసి చూపించాడు, చీకటి పడేదాకా నన్ను కదలనివ్వలేదు.

అందుకే అక్కడి మనుషులు మనసులేనివాళ్ళని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఊళ్ళు కట్టిన తీరే అలా చేసిందని నాకనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నగరాల బయట ఒకే రకం ఇళ్ళు వేలకు వేలు లేపారు, న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ 1947లో మొదలైంది. 1956లో దేశమంతా హైవేలు వేయడానికి చట్టం వచ్చింది. చాలాచోట్ల ఇళ్ళ మధ్య కొట్టు పెట్టకూడదని రూలు. దాంతో పాలు కావాలన్నా కారు తీయాల్సిందే. మన దగ్గర ఉప్పు ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళినవాడు నలుగురితో మాట్లాడి వస్తాడు, ఆ మాటల కోసం ప్రత్యేకంగా టైమ్ పెట్టుకోడు. అక్కడ అన్నిటికీ టైమ్ పెట్టుకోవాలి. పెదనాన్న కొడుకు, మీ తమ్ముడు ఫ్రెండ్‌తో ఆడుకోవాలంటే ఇద్దరు తల్లులు మెసేజ్‌లు పెట్టుకుని తేదీ ఖాయం చేయాలి. మనవాళ్ళూ అంతే, శనివారం హనుమంతుడి గుడిలో కలిస్తే మళ్ళీ శనివారమే.

ఇది ముసలివాడి దిగులనుకోకండి. బ్రిటన్ 2018లో ఒంటరితనం సమస్య చూడమని ఒక మంత్రికే అప్పజెప్పింది. 2023లో అమెరికా ప్రభుత్వం తరఫున ప్రజారోగ్యం చూసే పెద్ద డాక్టరు, అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి (వాళ్ళ అమ్మానాన్నలది కర్ణాటక) దీని మీద హెచ్చరిక ఇచ్చాడు. మనుషులకు దూరమై బతకడం రోజుకు 15 సిగరెట్లు తాగినంత ప్రమాదమని అందులో రాశారు.

అక్కడ నచ్చినవీ ఉన్నాయి. వస్తానన్న టైముకు వస్తారు. ఒంటరిగా ఉన్న ఆడపిల్లను పెళ్ళెప్పుడని వేధించేవాళ్ళు లేరు. మన ఇళ్ళకు ఊరికే వచ్చేవాళ్ళలో ఆరా తీయడానికి వచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకూ తెలుసు. చదువుకో ఉద్యోగానికో వెళ్తామంటే సంతోషంగా వెళ్ళండి.

నా బెంగ ఇక్కడి గురించి. మొన్న మీ కొండాపూర్ అపార్ట్‌మెంట్‌కి వస్తే, మీ అమ్మ యాప్‌లో ఓకే కొట్టేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారంటే మీ ఇద్దరికీ తెలియదు.

వచ్చే ఆదివారం వస్తున్నాను. ఈలోపు వెళ్ళి వాళ్ళ పేర్లు కనుక్కుని ఉంచండి. సున్నుండలు వాళ్ళక్కూడా తెస్తాను.

మీ తాతయ్య