అది టెన్షన్ కాదు, బెంగ

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ దీవెనలు. మొన్న ఆదివారం హాస్టల్ నుంచి చిన్నది ఫోన్ చేసింది. "ఎలా ఉన్నావే?" అంటే "టెన్షన్‌గా ఉంది అమ్మమ్మా" అంది. దేనికే అంటే "ఏమో, ఊరికే" అంది. పరీక్షలా? కాదట. స్నేహితులతో గొడవా? అదీ కాదట. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక తెలిసింది, దసరా సెలవులైపోయి తిరిగి వెళ్ళిన రోజు నుంచి దానికి అన్నం సయించడం లేదు. సాయంత్రం ఆరయ్యేసరికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటోందట.

"అది టెన్షన్ కాదు తల్లీ, బెంగ" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, "మెస్సులో పెరుగన్నం ఉంటుంది, తినొస్తాను" అంది. దాన్ని అడిగే ఈ సంగతి మీ అందరికీ రాస్తున్నాను.

నేను 31 ఏళ్ళు బడిలో తెలుగు చెప్పాను. మనసు బాధలకి మన భాషలో ఎన్ని మాటలున్నాయో తెలిసినదాన్ని. మీ నోట వినేవి మాత్రం రెండే: టెన్షన్, మూడ్ బాలేదు. కడుపునొప్పికీ పంటినొప్పికీ కాలు బెణికినదానికీ "ఒంట్లో బాలేదు" అని మాత్రమే చెబితే డాక్టరు మందు ఎలా రాస్తాడు? బాధ ఏదో తెలిస్తే దానికి ఏం చేయాలో సగం తెలిసినట్టే.

బెంగ మనుషుల మీద, ఇంటి మీద కలుగుతుంది. పిల్లలకి బెంగతో జ్వరం కూడా వస్తుందని మా అమ్మ అనేది. "చదువు మీద దృష్టి పెట్టు, అదే పోతుంది" అంటే బెంగ పోదు. దానికి అమ్మ గొంతు వినాలి, ఇంటి పచ్చడి తినాలి, తనలాగే బెంగ పడుతున్న పక్కమంచం అమ్మాయితో కబుర్లాడాలి.

గుబులు వేరు. అది జరగబోయేదాని గురించి. ముందు ఏముందో తెలియక పుడుతుంది కాబట్టి, కొంచెం తెలుసుకుంటే కొంచెం తగ్గుతుంది. పెద్దాడు డల్లాస్ వెళ్ళే ముందు సరిగ్గా నిద్రపోలేదు, గుర్తుందా? వాడిలో గుబులూ బెంగా రెండూ కలిసి ఉన్నాయి. ఎయిర్‌పోర్టులో దిగి ఎటు వెళ్ళాలి, గది తాళం ఎవరిస్తారు, మొదటి వారం భోజనం ఎలా అని ఒక కాగితం మీద రాసుకున్నాక గుబులు తగ్గింది. బెంగకి ఆ కాగితం పనికిరాలేదు. వెళ్ళే ముందు రెండు రోజులు వాళ్ళమ్మ వెనకాలే వంటింట్లో తిరిగాడు. అలా తిరగనివ్వడమే మంచిదైంది.

ఇక ఉక్రోషం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఇళ్ళలో ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నా నమ్మకం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక మాస్టారు క్లాసులో నా నోటుబుక్కు పైకెత్తి, ఇది రాతా, కోడి గెలికిందా అన్నారు. అందరూ నవ్వారు. మాస్టారికి ఎదురు చెప్పే రోజులు కావవి. ఇంటికొచ్చి, అరుగు మీద తమ్ముడు అంటించుకుంటున్న గాలిపటాన్ని లాక్కుని చింపేశాను. వాడు నన్ను పల్లెత్తు మాట కూడా అనలేదు. మా నాయనమ్మ చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. పక్కన కూచోబెట్టుకుని "ఇది కోపం కాదే, ఉక్రోషం. ఎవరినో ఏమీ అనలేక వీడి మీద పడ్డావు. బళ్ళో ఏం జరిగింది?" అని అడిగింది. నాకు జరిగింది అవమానం అని నాకు అప్పుడే తెలిసింది. అంతా చెప్పి ఏడ్చాను. తర్వాత నేనే పాత కాగితాలు వెతికి తమ్ముడికి ఇంకో గాలిపటం చేసిచ్చాను. ఆఫీసులో మాట పడి ఇంటికొచ్చి తల్లి మీదో భార్య మీదో అరిచేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆ చిరిగిన గాలిపటం గుర్తొస్తుంది. వాళ్ళని కూడా ఎవరైనా పక్కన కూచోబెట్టుకుని అడిగితే బాగుండుననిపిస్తుంది.

అలక మీకు బాగా తెలుసు. మెసేజ్ చూసి కూడా జవాబివ్వని స్నేహితురాలితో మాట్లాడటం మానేస్తారే, అదే. అలిగినవాళ్ళు ఎవరైనా వచ్చి బతిమాలతారని ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు మీలో ఉందని గమనిస్తే చాలు, మీరే ఫోన్ చేసెయ్యండి.

మాటకి అంత బలం ఉందా అని అడుగుతారేమో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ శాఖలో మాథ్యూ లీబర్‌మన్ బృందం దీన్ని పరీక్షించి 2007లో ప్రచురించింది. స్కానర్‌లో పడుకున్న మనుషులకి కోపంతో, భయంతో ఉన్న ముఖాల ఫొటోలు చూపించారు. ఆ ముఖంలోని భావానికి సరిపోయే మాటని ఎంచుకున్నప్పుడు వాళ్ళ మెదడులో అమిగ్డలా స్పందన తగ్గింది. ఆ ముఖానికి ఒక మనిషి పేరు ఎంచుకోమన్నప్పుడు అంతగా తగ్గలేదు. అమిగ్డలా అంటే బాదంపప్పు ఆకారంలో ఉండే చిన్న భాగం, అపాయాన్ని పసిగట్టడంలో దాని పాత్ర పెద్దది.

బాధకి పేరు పెట్టకపోగా, దాన్ని లోపలికి తోసేయడం మా తరం మీకు నేర్పిన తప్పు. "ఏడవకు, మర్చిపో" అనేశాం. మందు వేసుకునేటప్పుడు కోతిని తలుచుకోకూడదని ఎవరైనా చెబితే ఇక కోతే గుర్తొస్తుందని మనవాళ్ళు చెప్పుకునే కథ ఉంది కదా. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ప్రచురించిన ప్రయోగమూ అలాంటిదే, కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి. దాన్ని తలుచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టండి అని విద్యార్థులకి చెప్పాడు. తలపు రాకుండా ఆపడం వాళ్ళ వల్ల కాలేదు. తర్వాత తలుచుకోవచ్చు అన్నప్పుడు, మొదటి నుంచీ తలుచుకోనిచ్చినవాళ్ళ కంటే వాళ్ళకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది.

తాతయ్య పోయినప్పుడు ధైర్యంగా ఉండమని అందరూ అంటే, ఆయన పడక్కుర్చీని అటక మీద పెట్టించాను. మూడు నెలలు ఆ ఖాళీ చోటు దాటినప్పుడల్లా కాళ్ళు ఆగిపోయేవి. చివరికి మీ మామయ్య చేత దాన్ని దించి, తుడిచి, అందులో కూచుని తనివితీరా ఏడ్చాను. దిగులు పోలేదు. కానీ ఆ రోజు నుంచి ఆ దారిన నడవగలిగాను.

చెప్పుకోవడానికి ఎవరూ లేకపోతే రాసుకోండి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కలిసి కాలేజీ విద్యార్థుల చేత రోజుకి 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమ పెద్ద బాధ గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. అయినా జరిగినదాన్నీ దాని గురించి తమ మనసులో ఉన్నదాన్నీ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. కాబట్టి మొదటి రోజు ఏడుపొచ్చిందని మానేయకండి. ఎవరికీ చూపించక్కర్లేదు, చింపేసినా పరవాలేదు.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. దిగులు రెండు వారాలు దాటినా వదలకపోయినా, నిద్రా తిండీ పోయినా, బతకడం ఎందుకనిపించినా, అది మాటలతోనూ పెరుగన్నంతోనూ తగ్గేది కాదు. డాక్టరుకి చూపించుకోవాలి, జ్వరానికి చూపించుకున్నట్టే. ఇక్కడున్నవాళ్ళు 14416కి ఫోన్ చేయండి, మనసు బాధలకి ఫోన్‌లోనే సాయం చేసే ఆ సేవని టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. నాకు చెప్పడానికి మొహమాటమైతే ముందు వాళ్ళకి చెప్పండి. నాకు చెబితే మాత్రం అర్ధరాత్రయినా లేస్తాను.

ఈ పూట నాకున్నదేమిటో కూడా రాస్తాను. దసరాకి మీరంతా వచ్చి వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, మీ మీద బెంగగా ఉంది. సంక్రాంతికి ఎవరెవరు వస్తున్నారో ముందే చెప్పండి. అరిసెలకి ఎంత బియ్యం నానబొయ్యాలో చూసుకోవాలి.

మీ
అమ్మమ్మ