ఎర్రమల కొండల్లో కరెంటు: రామగిరి గాలిమరల నుంచి గండికోట జలాశయం దాకా

కడప జిల్లా గండికోటను పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దేందుకు కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. అంతకు రెండేళ్ల ముందే, 2022లో, అవే ఎర్రమల కొండల్లో 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (నీటిని కొండపైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) విద్యుత్ కేంద్రాన్ని నిర్మించేందుకు అదానీ సంస్థ ప్రతిపాదనను రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక మండలి ఆమోదించింది. పెన్నా లోయను చూడడానికి వచ్చేవారికీ, విద్యుత్ కంపెనీకీ కావలసింది ఒక్కటే: నిట్టనిలువు కొండ, దాని కింద నీరు. ఈ రెండు ఆసక్తులు ఒకేచోట తారసపడడం యాదృచ్ఛికం కాదని రాయలసీమలో పునరుత్పాదక విద్యుత్తు నడిచివచ్చిన దారిని గమనిస్తే అర్థమవుతుంది.

ఆ దారి అప్పటి అనంతపురం జిల్లా రామగిరి గుట్టల మీద మొదలైంది. బంగారు గనులకు పేరుపడిన ఆ ప్రాంతంలో 1990ల మధ్యనాటికే గాలిమరలు వెలిశాయి. ఇవాళ్టి యంత్రాలతో పోలిస్తే అవి చాలా చిన్నవి. అప్పట్లో పెట్టుబడిదారులను కొండల మీదికి రప్పించింది కరెంటు అమ్మకం ద్వారా వచ్చే ఆదాయం కంటే, యంత్రాల ఖరీదును మొదటి ఏడాదే తరుగుదల కింద చూపించుకునేందుకు ఆదాయపు పన్ను చట్టం ఇచ్చిన వెసులుబాటే. ఉత్పత్తి కంటే స్థాపనకే లాభం ముడిపడినప్పుడు నిర్వహణ మీద శ్రద్ధ తగ్గడం సహజం. పైగా ఈ ప్రాంతంలో గాలి బలంగా వీచేది నైరుతి రుతుపవనాల నెలల్లోనే కాబట్టి, మిగతా కాలంలో గాలిమరల మీద ఆధారపడడానికి వీల్లేకపోయింది.

సౌరవిద్యుత్తు వంతు 2015 తర్వాత వచ్చింది. అప్పటి అనంతపురం జిల్లా నంబులపూలకుంటలో కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ నెలకొల్పిన 250 మెగావాట్ల తొలిదశ 2016లో పూర్తికాగా, అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు 5,900 ఎకరాల్లో పరుచుకున్న 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో ఉత్పత్తిలోకి వచ్చింది. ఈ కర్నూలు పార్కు కోసం 2015 చివర్లో జరిగిన వేలంలో యూనిట్ ధర రూ.4.63కు పడిపోవడం దేశమంతా చర్చ అయింది. ఆ ధర పలికిన అమెరికా కంపెనీ సన్ ఎడిసన్ కొద్ది నెలలకే దివాలా తీసింది, ప్రాజెక్టు గ్రీన్‌కో అనే మరో విద్యుత్ కంపెనీ చేతికి వెళ్లింది. ధరలు మాత్రం తగ్గుతూనే పోయి, 2018లో కడప పార్కు వేలంలో రూ.2.70 దగ్గరికి చేరాయి.

చౌక కరెంటు వస్తుంటే, దాన్ని కొని ఇళ్లకు అందించే పంపిణీ సంస్థలకు (డిస్కంలకు) పాత ఒప్పందాల ధరలు బరువనిపించాయి. గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తగ్గించడం కోసం రాష్ట్ర ప్రభుత్వం 2019 జులైలో సంప్రదింపుల కమిటీని వేయగా కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని ధర్మాసనం 2022 మార్చిలో తీర్పునిచ్చే దాకా ఆ వివాదం సాగింది. డిస్కంల కష్టాన్ని కాదనలేము కానీ, సంతకం చేసిన ఒప్పందాన్ని ఏకపక్షంగా తిరగదోడే ప్రయత్నం రాష్ట్రం మీద నమ్మకాన్ని దెబ్బతీసిందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ధర తగ్గినా తీరని చిక్కు ఇంకొకటి మిగిలింది. సౌర పలకల నుంచి కరెంటు పొంగిపొర్లేది మధ్యాహ్నం, ఇళ్లలో వాడకం పెరిగేది పొద్దు గూకాక. ఈ వ్యవధిని దాటడానికి దొరికిన మార్గమే పంప్డ్ స్టోరేజీ: పగటి మిగులు కరెంటుతో కింది జలాశయం నుంచి నీటిని కొండపైకి తోడి, రాత్రి టర్బైన్ల మీదుగా కిందికి వదులుతారు. తోడడానికి ఖర్చయిన విద్యుత్తులో తిరిగి వచ్చేది సుమారు నాలుగింట మూడు వంతులే అయినా, మధ్యాహ్నపు చౌక యూనిట్‌ను సాయంత్రపు ఖరీదైన యూనిట్‌గా మార్చగలగడం వల్ల అది గిట్టుబాటు అవుతుంది. తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు తేడా ఉండడం దీనికి ముఖ్యం. ఎర్రమల కొండలకు విలువ పెరిగింది అందుకే. ఓర్వకల్లు మండలం గుమ్మితం తండా దగ్గర 2022 మే 17న శంకుస్థాపన జరిగిన పిన్నాపురం ప్రాజెక్టులో 1,680 మెగావాట్ల నిల్వ సామర్థ్యానికి సౌర, పవన విద్యుత్తును జతచేశారు. తర్వాత యాగంటి, కమలపాడు పేర్లు కూడా 2023లో రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కో, కేంద్ర జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీ మధ్య కుదిరిన ఒప్పందంలోకి ఎక్కాయి.

గండికోట పరిస్థితి పిన్నాపురానికి భిన్నం. పిన్నాపురం కోసం నది మీద కాక గుట్టల్లోనే చెరువులు కట్టారు. గండికోటలో కోటకు ఎగువన ఇప్పటికే ఉన్న 26.85 టీఎంసీల జలాశయమే కింది చెరువు అవుతుంది. ఆ జలాశయానికి ఊళ్లు మూల్యం చెల్లించాయి. నీటిమట్టం పెంచినప్పుడు, 2020లో, కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. సాగునీరు, తాగునీరు పేరుతో సేకరించిన భూమి మీద నిల్చిన నీరు అది. అందుకే దాన్ని విద్యుత్ వ్యాపారానికి వాడుకునేటప్పుడు నిర్వాసితుల వాటా మాట కూడా రావాలి. ఇక్కడ తయారయ్యే కరెంటు హైటెన్షన్ లైన్లెక్కి గ్రిడ్‌లో కలిసిపోతుంది తప్ప, పక్క ఊరికి దాని వల్ల ప్రత్యేక సరఫరా ఏమీ ఉండదు. లైన్ల విషయంలో మరొక చింత కూడా ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో ప్రకటించిన రోళ్లపాడు అభయారణ్యం ఈ జిల్లాల్లోనే ఉంది. బరువైన ఆ పక్షికి ఎదుటి తీగలు సరిగా కనబడవు.

వీటన్నిటికీ మూలం నీరే. గండికోట జలాశయం పెన్నా వరదతో నిండడం అరుదు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల, గోరకల్లు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో వచ్చే కృష్ణా జలాలే దానికి ఆధారం. పిన్నాపురానికి మొదటిసారి నింపుకునే ఒక టీఎంసీకి పైగా నీరు కూడా గోరకల్లుదే. ఒకసారి నింపిన నీటినే మళ్లీ మళ్లీ వాడుకుంటామన్న మాట నిజమే అయినా, రాయలసీమ ఎండకు ఆవిరయ్యేది ఏటా భర్తీ చేయాల్సిందే. శ్రీశైలంలో నీటిమట్టం పడిపోయిన కరువు ఏడాదిలో పులివెందుల వైపు ఎత్తిపోతలకు ముందు నీరివ్వాలా, కొండమీది చెరువుకా అన్న వరుసను అనుమతి పత్రాల్లోనే స్పష్టంగా రాయించుకోవడం ఆయకట్టు రైతులకు అవసరం.