జపాన్‌లో కొత్త కంపెనీలు ఎందుకు తక్కువ? సంస్కృతి వాదన వెనుక చరిత్ర

కొత్త వ్యాపారాలలోకి వచ్చే పెట్టుబడిని 2027 నాటికి ఏటా 10 లక్షల కోట్ల యెన్‌లకు చేర్చాలని జపాన్ ప్రభుత్వం 2022 నవంబరులో ఐదేళ్ల ప్రణాళిక ప్రకటించింది. పనిని కొద్దికొద్దిగా మెరుగుపరచుకోవడంలో ప్రపంచానికి పాఠాలు చెప్పిన దేశానికి ఈ అవసరం ఎందుకొచ్చిందంటే, ‘అది జపనీయుల స్వభావం, వాళ్లు జట్టుగా పని చేస్తారు కానీ ఒంటరిగా సాహసించరు’ అనే సమాధానమే ఎక్కువగా వినిపిస్తుంది. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ వివిధ దేశాల ఐబీఎం ఉద్యోగుల సమాధానాల నుంచి రూపొందించి 1980లో వెలువరించిన, దేశాల సంస్కృతిని కొలిచే సూచికలు ఈ వాదనకు అంకెల బలం ఇచ్చాయి. అనిశ్చితికి జంకే గుణంలో జపాన్‌కు 92 పాయింట్లు దక్కాయి, అది చాలా ఎక్కువ.

టయోటా చరిత్ర మాత్రం ఈ సమాధానానికి అంత సులభంగా లొంగదు. ఆ సంస్థకు మూలపురుషుడైన సకిచి టయోడా ఒక వడ్రంగి కొడుకు. ఆయన 1924లో పూర్తి చేసిన మరమగ్గం, పేక నూలు అయిపోతే ఆగకుండానే నాడెను మార్చుకునేది. పడుగులో పోగు తెగితే మాత్రం తనంతట తానే ఆగిపోయేది. లోపం కనిపించిన చోటే పని ఆపాలన్న టయోటా నియమానికి మూలం ఆ మగ్గమే. దాని హక్కులను 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్‌కు ఇవ్వడానికి కుదిరిన ధర లక్ష పౌండ్లు. కొడుకు కీచిరో కార్ల వైపు మళ్లి 1937లో ప్రత్యేక కంపెనీ పెట్టాడు. సొమ్మును కొత్త రంగంలో పెట్టడానికి ఆ కుటుంబం జంకలేదు.

అనాదిగా వస్తున్నదని చాలామంది నమ్మే జీవితకాల ఉద్యోగం పెద్ద కంపెనీలలో గట్టిగా స్థిరపడింది యుద్ధానంతర కార్మిక పోరాటాల తర్వాతే. 1950లో టయోటా దివాలా అంచుకు చేరినప్పుడు సమ్మె జరిగింది, వెయ్యికి పైగా ఉద్యోగులు వెళ్లిపోయారు, కీచిరో రాజీనామా చేశాడు. ఉద్యోగ భద్రతకు బదులుగా యాజమాన్యంతో సహకారం అనే ఒప్పందం ఆ గాయం మానుతున్న క్రమంలో కుదిరింది. 1951లో మొదలైన కార్మికుల సూచనల పథకం కూడా, కంపెనీ ప్రతినిధులు అమెరికాలోని ఫోర్డ్ కర్మాగారంలో చూసి వచ్చినదే. ఉద్యోగం పోదన్న ధీమా ఉన్నవాడు తన పనిని తగ్గించే ఉపాయాన్ని దాచుకోడు. ఆ పథకం జపాన్‌లో అంతగా వేళ్లూనడానికి, నా దృష్టిలో, ఇది ముఖ్య కారణం.

అదే కాలంలో, అదే సంస్కృతిలో సోనీ (1946), హోండా (1948) పుట్టాయన్నది మరచిపోకూడదు. 1960ల మొదట్లో కార్ల తయారీలోకి కొత్తవారిని రానివ్వకుండా ప్రభుత్వం చట్టం చేయబోయినప్పుడు, మోటారు సైకిళ్లు చేసే హోండా 1963లోనే కార్లు అమ్మడం మొదలుపెట్టింది. చట్టం ఆమోదం పొందలేదు.

ఆ తర్వాతి దశాబ్దాలలో సాహసం ఖరీదు పెరిగింది. మంచి పట్టభద్రులు చదువు ముగియగానే పెద్ద కంపెనీలలో చేరేవారు, నడివయసులో బయటికొస్తే తిరిగి ఆ స్థాయి ఉద్యోగం దొరకడం కష్టం. అప్పిచ్చే బ్యాంకులు యజమాని సొంత పూచీకత్తు అడగడం మామూలైపోయినందున, వ్యాపారం మునిగితే ఇల్లూ పోయేది. దీన్ని జంకు అనడం కన్నా లెక్క అనడం సబబు. పూచీకత్తు లేకుండానే కొత్త వ్యాపారులకు అప్పు దొరికేలా ప్రభుత్వ హామీతో కూడిన పథకం మొదలైంది 2023 మార్చిలో మాత్రమే.